కీళ్లు, కండరాల వైద్యంలో ఉన్నత విద్య.. ప్రాక్టీసులో ఉన్న వైద్యులకు దారులేవి?

వరి నాట్లు, కలుపుతీతలతో రోజంతా వంగి పనిచేసే కూలీలు, గుంట మగ్గంలో గంటల తరబడి కూర్చునే నేత కార్మికులు, బస్తాలు మోసే హమాలీలు.. జిల్లాలో ఏ ఆసుపత్రి ఓపీకి వెళ్లినా నడుము, మెడ, మోకాలి నొప్పులతో బాధపడుతున్న వీరు తప్పక కనిపిస్తారు. వీరిలో చాలామంది మొదట ఆశ్రయించేది ఎముకల నిపుణుడిని కాదు, అందుబాటులో ఉన్న ఎంబీబీఎస్ వైద్యుడిని. రోగి వ్యాయామంతో కోలుకుంటాడా, నొప్పి మాత్రలతో కాలం గడుపుతాడా, అవసరం లేని శస్త్రచికిత్సకు అప్పు చేస్తాడా అన్నది చాలావరకు ఆ తొలి పరీక్షపైనే ఆధారపడి ఉంటుంది. అందుకే కీళ్లు, కండరాల వైద్యంలో ఉన్నత విద్య రోగికీ సంబంధించిన విషయమే.

రోగులు ఎక్కువ.. శిక్షణ తక్కువ

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారు. 2050 నాటికి ఈ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందని అంచనా. మనుషులను పనికి దూరం చేసి వైకల్యానికి గురిచేస్తున్న కారణాల్లో దీనిదే మొదటి స్థానం.

ఇంత పెద్ద సమస్యకు వైద్యవిద్యలో దక్కుతున్న చోటు స్వల్పం. 2021 నాటి ఇంటర్న్‌షిప్ నిబంధనల్లో ఎముకల విభాగానికి, పునరావాస వైద్యానికి కలిపి కేటాయించింది 2 వారాలే. విరిగిన ఎముకలు, పిండికట్లు, ప్రమాద కేసుల నడుమ ఆ కాలం ఇట్టే గడిచిపోతుంది. ఎముక విరగకుండానే వచ్చే నొప్పిని ఓపికగా పరీక్షించడం నేర్చుకునే అవకాశం యువ వైద్యులకు తక్కువ.

ఏమి నేర్పుతారు?

శస్త్రచికిత్స అవసరం లేని ఎముకలు, కీళ్లు, కండరాలు, నరాల బాధలను గుర్తించి నయం చేయడమే ఈ శాస్త్రం. లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో పనిచేసిన జేమ్స్ సిరియాక్స్ దీనికి బాటలు వేసినవారిలో ముఖ్యులు. ఒక్కో కీలును, స్నాయువును, కండరాన్ని వేర్వేరుగా కదిలించి, ఏ కదలికలో నొప్పి పుడుతున్నదో కనిపెట్టే క్రమబద్ధమైన పరీక్షా పద్ధతిని ఆయన రూపొందించారు. భుజం నొప్పికి మూలం మెడలో, మోకాలి నొప్పికి మూలం తుంటిలో ఉండవచ్చు. చేతితో పరీక్షించడం తెలియని వైద్యుడు నొప్పి ఉన్నచోటనే సూదిమందు వేస్తాడు.

స్కానింగ్ నివేదికను సరిగా అర్థం చేసుకోవడం రెండో పాఠం. ఏ నొప్పీ లేనివారి స్కానింగ్‌లపై జరిగిన అధ్యయనాలను 2015లో క్రోడీకరించినప్పుడు 20 ఏళ్ల వయసువారిలో 37 శాతం మందికి, 80 ఏళ్ల వారిలో 96 శాతం మందికి వెన్ను డిస్కులు అరిగినట్లు తేలింది. అంటే ఎమ్మారైలో ‘డిస్కు అరిగింది’ అని రాసినంత మాత్రాన నొప్పికి అదే కారణం కానక్కరలేదు. తల నెరిసినట్లే డిస్కూ వయసుతో మారుతుందని రోగికి నచ్చజెప్పడం కూడా చికిత్సలో భాగమే.

దీర్ఘకాలిక నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు వెలువరించింది. వ్యాయామానికి, రోగికి అవగాహన కల్పించడానికి అందులో ప్రాధాన్యమిచ్చింది. నడుము బెల్టులను, బరువులు కట్టి లాగే ట్రాక్షన్‌ను సాధారణ చికిత్సగా వాడవద్దని సూచించింది.

దేశంలో ఉన్న దారులు

నేరుగా ఈ పేరుతో కాకున్నా, ఈ శాస్త్రానికి అతి దగ్గరైన చదువు ఫిజికల్ మెడిసిన్, రిహాబిలిటేషన్‌లో ఎండీ లేదా డీఎన్‌బీ. కాలం మూడేళ్లు. నీట్ పీజీ ర్యాంకుతో ప్రవేశం లభిస్తుంది. క్రీడా వైద్యంలోనూ ఎండీ ఉంది. కీళ్లవాతం వంటి వ్యాధులపై ఆసక్తి ఉన్నవారు జనరల్ మెడిసిన్‌లో ఎండీ పూర్తిచేశాక రుమటాలజీలో డీఎం చదవవచ్చు. హైదరాబాద్‌లోని నిమ్స్‌లో ఈ కోర్సు ఉంది.

ఇవన్నీ పూర్తికాలం చదవవలసినవి. క్లినిక్ మూసి, కుటుంబాన్ని వదిలి మూడేళ్లు వెళ్లడం అందరికీ సాధ్యం కాదు. ప్రభుత్వ వైద్యులకు కొంత వెసులుబాటు ఉంది. సర్వీసులో ఉన్నవారికి పీజీ సీట్లలో కోటా కల్పించే అధికారం రాష్ట్రాలకు ఉందని 2020 ఆగస్టు 31న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పునిచ్చింది. కోటా శాతం, అర్హతలు మారుతుంటాయి కనుక ఆ ఏటి ప్రకటన చూసుకోవాలి.

ప్రాక్టీసు మానకుండానే చదివే పద్ధతికి న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం ఉదాహరణ. అక్కడ మస్క్యులోస్కెలిటల్ మెడిసిన్‌లో పీజీ డిప్లొమాను వైద్యులు దూరవిద్యలో, కొద్దికొద్దిగా పూర్తిచేస్తారు. నేర్చుకున్నది మరునాడే తమ రోగుల వద్ద ఆచరణలో పెట్టే వీలుండటం ఈ పద్ధతిలోని బలం. అయితే ఇలాంటి విదేశీ డిప్లొమా ఒక్కటే మన దేశంలో స్పెషలిస్టు హోదా ఇవ్వదు. ఫీజు కట్టేముందే జాతీయ వైద్య కమిషన్ గుర్తింపు సంగతి తెలుసుకోవాలి.

చక్రాల కుర్చీలోంచి..

వృత్తిలో ఉండి మళ్లీ చదువు బాట పట్టిన వైద్యులకు మేరీ వర్గీస్ జీవితం గొప్ప ప్రేరణ. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేస్తుండగా 1954లో జరిగిన రోడ్డు ప్రమాదంలో ఆమె రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఆమె వైద్యం మానలేదు. న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యంలో శిక్షణ పొందారు. తిరిగివచ్చి వేలూరులో ఆ విభాగానికి అధిపతి అయ్యారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం ప్రారంభమైంది. 1972లో ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో గౌరవించింది.

సర్టిఫికెట్లతో జాగ్రత్త

రెండు రోజుల శిబిరానికి హాజరై గోడకు తగిలించుకునే సర్టిఫికెట్లకూ కొదవలేదు. వాటితో కొంత మెలకువ రావచ్చు గాని నైపుణ్యం సిద్ధించదు. ఒక శాఖలో ప్రత్యేక అర్హత లేకుండా ఆ శాఖ స్పెషలిస్టునని చెప్పుకోరాదని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి స్పష్టం చేస్తోంది. కోర్సును ఎంచుకునే వైద్యుడు మూడు విషయాలు అడగాలి. గుర్తింపు ఉందా? రోగుల వద్ద పర్యవేక్షణలో శిక్షణ ఉందా? చివర ప్రాయోగిక పరీక్ష ఉందా?

రోగులు గమనించవలసినవి

నడుము నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గడం, మలమూత్రాలపై పట్టు తప్పడం, తొడల మధ్య స్పర్శ పోవడం కనిపిస్తే ఆలస్యం చేయక పెద్దాసుపత్రికి వెళ్లాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం వెన్నెముక క్షయకు సూచనలు కావచ్చు. వైద్యుని సలహా లేకుండా నొప్పి మాత్రలు దీర్ఘకాలం వాడితే జీర్ణాశయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

స్కానింగ్ రాసేముందు వైద్యుడు మిమ్మల్ని నిలబెట్టి, వంచి, పడుకోబెట్టి కాలు ఎత్తించి చూశారా? చేసే పని గురించి అడిగారా? లేకుంటే పరీక్షించమని మర్యాదగా కోరడం రోగి హక్కు. ఆ పరీక్ష సరిగా చేయగల చేతులను తయారుచేయడమే ఈ ఉన్నత విద్య పరమార్థం.