గాలి ఉచితం, అంచనా తప్పితే ఖరీదు

గాలిమరకు ఇంధనం ఖర్చు లేదు. అయినా ఆషాఢంలో ఉరవకొండ వైపు మరలు జోరుగా తిరిగే రోజుల్లోనే గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్ ఇంజినీర్లకు ఊపిరాడదు. ఆంధ్రప్రదేశ్‌లో పవన విద్యుత్ స్థాపిత సామర్థ్యం 4,000 మెగావాట్ల పైమాటే, అందులో అధిక భాగం రాయలసీమలోనే ఉంది. అందులోంచి ఏ గంటకు ఎంత వస్తుందన్నదే చిక్కు.

గాలిలోని శక్తి వేగానికి ఘనం లెక్కన మారుతుంది. సెకనుకు 10 మీటర్ల గాలి 8 మీటర్లకు పడితే వేగం తగ్గింది 20 శాతమే. శక్తి మాత్రం 51 శాతానికి దిగిపోతుంది. గాలి అంచనాలో చిన్న పొరపాటు కరెంటు లెక్కలో పెద్దదయ్యేది ఇక్కడే.

మన గ్రిడ్ రోజును 15 నిమిషాల చొప్పున 96 బ్లాకులుగా విడదీసి నడుపుతారు. ఒక బ్లాకులో 2,000 మెగావాట్లు వస్తాయనుకుంటే 1,000 మాత్రమే వచ్చాయనుకుందాం. లోటు 2.5 లక్షల యూనిట్లు. ముందే తెలిసి ఉంటే చౌక కరెంటు చూసుకునేవారు. అప్పటికప్పుడు తేవడానికి యూనిట్‌కు 6 రూపాయలు అదనంగా పడితే ఆ పావుగంటకే 15 లక్షల భారం.

గాలి ఎక్కువైనా ఖర్చే, ఆ మేరకు బొగ్గు కేంద్రాలను తగ్గించాలి కాబట్టి. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రంలో 600 మెగావాట్ల యూనిట్ ఉంది. అలాంటి యూనిట్‌ను 55 శాతానికి తగ్గిస్తే 330 మెగావాట్లు. ఇంకా దించితే మంట నిలవడానికి ఆయిల్ పోయాల్సి రావచ్చు. పూర్తిగా ఆపితే మళ్లీ వేడెక్కించడానికి గంటలు పడుతుంది. తక్కువ లోడులో నడిపినంతసేపూ ఒక్కో యూనిట్ కరెంటుకు కాలే బొగ్గు పెరుగుతుంది, పదేపదే వేడెక్కి చల్లారే బాయిలర్ గొట్టాలు త్వరగా అరిగిపోతాయి.

ఈ బిల్లంతా గాలి ఖాతాలో రాయడం మాత్రం అన్యాయం. అదే 600 మెగావాట్ల బొగ్గు యూనిట్ ట్రిప్పయి ఆగిపోతే క్షణంలో మొత్తం పోతుంది. దానికోసం రిజర్వు ఎప్పటినుంచో ఉంచుతూనే ఉన్నాం, ఆ ఖర్చు బొగ్గు మీద వేయమని ఎవరూ అడగలేదు. గాలి ఆదా చేసిన బొగ్గును కూడా తీసివేతల్లో చూపించాలి.

మరలు దూరదూరంగా ఉంటే ఒడిదుడుకులు కొంత సర్దుకుంటాయి. కానీ రాయలసీమ గుట్టలన్నింటి మీదా వీచేది అదే నైరుతి గాలి, అందుకే నిల్వ కావాలి. నీళ్లను పైకి తోడి మళ్లీ వదిలే పంప్డ్ స్టోరేజీ అందుకు పనికొస్తుంది. తెలంగాణ వైపు శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఆరున్నాయి. కర్నూలు పక్కన పిన్నాపురం ప్రాజెక్టును 1,680 మెగావాట్లకు తలపెట్టారు.

నిల్వకు కోట్లు కావాలి. అంచనా మెరుగుపరచడానికి అంత అక్కర్లేదు. తప్పు సగానికి తగ్గితే పై లెక్కలో 15 లక్షల భారం ఏడున్నర లక్షలకు దిగుతుంది.