ట్యాంకుపై గీత పడితే రంగంతా మార్చనక్కర లేదు

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలలో ఎడ్లబండి పనులు చాలావరకు మోటారు సైకిలే చేస్తున్నది. ఎరువు బస్తా, పత్తి మూట పెట్రోలు ట్యాంకు మీదనే ప్రయాణం. గోనెకు అంటిన ఇసుక ట్యాంకును గీకుతుంది. పొడి గుడ్డతో దుమ్ము తుడిచినా అంతే. పాత బండి బేరంలో ముందుగా చూసేది ట్యాంకునే కనుక చాలామంది తొందరపడి మొత్తం రంగు వేయిస్తున్నారు.

రంగుపై వార్నీషు వంటి పారదర్శకమైన పొర ఉంటుంది. పెయింటర్లు దానిని క్లియర్ కోటు అంటారు. మందం తలవెంట్రుక కన్నా తక్కువే. గీతపై గోరు నడిపినప్పుడు తట్టుకోకపోతే దెబ్బ ఆ పొరలోనే ఉన్నట్లు. సబ్బునీటితో ఇసుక పోయేలా కడిగి, 2000 నంబరు వాటర్ పేపరు తడిపి మెల్లగా రుద్దాలి. పిదప రబ్బింగ్ కాంపౌండు, చివర పాలిష్. అంచుల వద్ద మరీ తేలికగా రుద్దాలి, అక్కడ పొర త్వరగా అరిగిపోతుంది. నూనె పూస్తే గీత కాసేపు దాగుతుంది, అంతే. మెరుపులేని మ్యాట్ ట్యాంకులకు ఈ పద్ధతి పనికిరాదు. రుద్దిన చోట మెరిసి మచ్చ పడుతుంది.

నిర్మల్ కొయ్యబొమ్మలకు నిగనిగ తెచ్చిన డ్యూకో రంగు కూడా 1923లో అమెరికాలో మోటారు కార్ల కోసం వచ్చినదే.

లోపలి ఇనుము కనబడితే తుప్పు పట్టకముందే షెడ్డుకు తీసుకుపోవాలి. ట్యాంకు ఖాళీ చేశామని దగ్గర బీడీ వెలిగించరాదు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకులోని ఆవిరే ప్రమాదం. క్లియర్ కోటులో కలిపే హార్డెనర్ తుంపర ఊపిరితిత్తులకు చేటు, ముక్కుకు కట్టిన రుమాలు దానిని ఆపదు. కొత్త కోటుపై పెట్రోలు ఒలికితే వెంటనే నీళ్లు పోసి తుడవాలి.