మేస్త్రీ చేతుల దురద, వీపుపై పట్టీల పరీక్ష

హైదరాబాదులో తార్నాక నుండి మల్కాజ్‌గిరి వైపు పోవు దారుల వెంబడి పాత ఇండ్లు కూలి అంతస్తుల మేడలు లేచుచున్న ఈ కాలమున, ఆ మేడలకు సిమెంటు కలుపు చేతులను దగ్గరగా చూచినవారికి, వేళ్ల సందులు పగిలి, మణికట్టు దాక చర్మము మందమెక్కి నల్లబడి, గోకిన చోటనెల్ల రసి కారుచుండుట కొందరియందు కనబడును. దానిని తామర యనుకొని వారు మందుల దుకాణమున ఏదో ట్యూబు కొని పూసికొందురు. తరచుగా అందు స్టెరాయిడు ఉండుటచే నాలుగునాళ్లు దురద అణగి, మరల సిమెంటు తగులగానే రేగును.

సిమెంటు చేయు హాని రెండు విధములు. తడిసిన సిమెంటు తన క్షారగుణముచే ఎవరి చర్మమునైనను ఒరయును. అదిగాక, అందు లేశమాత్రముగ నుండు క్రోమియపు లవణము కొందరికి బొత్తిగా పడదు. ఒకసారి శరీరములోని రక్షణకణములు దానిని పగవానిగ గుర్తుపెట్టుకొన్న పిమ్మట, అణుమాత్రము తాకినను ఒకటి రెండు దినములలో చర్మము పొక్కిపోవును. మొదటిదానికి జాగ్రత్తయు శుభ్రతయు చాలవరకు చాలును గాని, రెండవదానికి ఆ పదార్థమునుండి తొలగుటయే ప్రధాన చికిత్స. కంటికి రెండును ఒకే తీరున కనబడును గనుక, వీనిని వేరుపరచుటకు పట్టీల పరీక్షను మించిన సాధనము లేదు.

1895లో గ్రాట్జ్ నగరపు వైద్యసభలో యోసెఫ్ యాడసోన్ అను చర్మవైద్యుడు పాదరసము పడని రోగులపై చేసి చూపిన ఈ పరీక్ష, నేటికిని మూలసూత్రమున మారలేదు. సుమారు 8 మిల్లీమీటర్ల వెడల్పుగల అల్యూమినియపు చిన్న గిన్నెలలో, వాజలీనులో కలిపిన పదార్థములను ఒక్కొక్కటిగ నింపి, పట్టీతో వీపుపై అంటింతురు: పొటాషియం డైక్రోమేటు, నికెలు, కోబాల్టు, రబ్బరు చేతితొడుగులలోని రసాయనములు, తలరంగులోని పారాఫెనిలీన్ డయమైను మొదలగునవి. 48 గంటలు అవి కదలరాదు, తడవరాదు. చెమటకు పట్టీలూడు మన వేసవిలో ఈ నియమము కూలివానికి కఠినమే. పట్టీ తీసినపుడొకసారి, మరి రెండు దినములకొకసారి, అవసరమైనచో వారమునకు మరల వైద్యుడు చూచును. ఎరుపుతోపాటు చర్మము ఉబ్బి సన్నని నీటిపొక్కులు లేచిన చోట, అపరాధి అక్కడనే యున్నట్లు. అయినను వచ్చిన ఫలితమును రోగి చేయు పనితో సరిపోల్చవలెను. నికెలుకు పొక్కినది చెవిదుద్దుల వలననో పనిముట్ల వలననో పరీక్ష తనంత చెప్పజాలదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయపు బయళ్లలో వానలకు విరివిగా పెరుగు వయ్యారిభామ కథ వేరు. 1950ల దశకమున పూనాలో గుర్తింపబడి దేశమంతట అల్లుకొన్న ఈ మొక్క ధూళి గాలిలో తేలి వచ్చి, దానిని పీకు తోటమాలులకును ఊడ్చువారికిని కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు కమిలిపోవునట్లు చేయును. ఎండ పడలేదని పొరబడుటకు వీలున్నది. మన దేశపు ప్రామాణిక పరీక్షావరుసలో దీనిని చేర్చిరి.

ఇక సిమెంటు సంగతికి మరల వచ్చినచో, 1983 నుండి డెన్మార్కు సిమెంటులో ఫెర్రస్ సల్ఫేటు కలిపించి క్రోమియపు తీవ్రతను విరిచినది. 2005లో ఐరోపా సమాఖ్య నీటిలో కరుగు ఆ క్రోమియము పదిలక్షల పాళ్లకు 2 పాళ్లకు మించరాదని శాసించినది. మన 1948 నాటి కర్మాగారాల చట్టపు వ్యాధుల జాబితాలోను రసాయనములవలని చర్మశోథకు చోటు దొరకియుండెను. కాని కారణము రుజువు కానిదే కార్మికునికి ఏ చట్టమును అక్కరకు రాదు.

కావున, సెలవునాడు తగ్గి పనిలో దిగగానే రేగు దురద మీకున్నచో, మరియొక ట్యూబు కొనక చర్మవైద్యుని పట్టీల పరీక్ష చేయుమని అడుగుడు. వాడుచున్న మాత్రలను దాచక చెప్పుడు. పనిలో తాకు పదార్థముల పేర్లను, వీలైనచో వాని డబ్బాలపై చీటీలను వెంట తీసికొనిపొండు.