పేరు రాయించుకునే రోజే అడగాలి

హైదరాబాద్ కృష్ణానగర్‌లో తెల్లవారకముందే వ్యాన్లు కదులుతాయి. జూనియర్ ఆర్టిస్టులు, కాస్ట్యూమర్లు, లైట్‌మెన్లు షూటింగులకు బయల్దేరతారు. వాళ్ల చెమటతో తయారైన సినిమాల్లో పురుడు సీను మనందరికీ కంఠతా వచ్చు. లోపల ఒక కేక, వరండాలో పచార్లు చేసే భర్త, తల్లో బిడ్డో ఒక్కరే దక్కుతారంటూ బయటికొచ్చే డాక్టరు. కాన్పంటే ఆఖరి గంటలో వినాల్సిన తీర్పు అన్న భయం మనలో అలా కూడా నాటుకుంది. కానీ ఆ గంట ఎలా గడుస్తుందన్నది చాలావరకు మొదటి మూడు నెలల్లో మనం వేసే అడుగులను బట్టి ఉంటుంది.

ఆ అడుగులు కృష్ణానగర్ ఆడపిల్లకు తేలిక కాదు. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది. అయితే అది దక్కాలంటే అంతకుముందు ఏడాదిలో ఒకే యజమాని దగ్గర కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. రోజుకో కంపెనీ షూటింగుకు వెళ్లే మనిషికి ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది? సెట్‌లో మరుగుదొడ్డి లేక ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానుకుంటున్నారని కేరళ సినీ పరిశ్రమ గురించి 2024 ఆగస్టులో బయటికొచ్చిన హేమ కమిటీ నివేదిక చెప్పింది. వట్టి మనిషికే మూత్రంలో ఇన్ఫెక్షన్ తెచ్చే అలవాటది. కడుపుతో ఉన్నప్పుడు నెలలు నిండకుండా నొప్పులు రావడానికీ దారితీయవచ్చు.

నెల తప్పిందని తెలిసేసరికే బిడ్డ వెన్నుపాము రూపుదిద్దుకోవడం మొదలవుతుంది. అందుకే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ గర్భం దాల్చకముందు నుంచే వేసుకోవాలంటారు. వేవిళ్లు తగ్గాక వెళ్దాంలే అనుకోకుండా బీపీ, రక్తం, షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. 11 నుంచి 14 వారాల మధ్య బిడ్డ మెడ వెనుక నీటిని కొలిచే ఎన్‌టీ స్కాన్, 18–20 వారాలకు అవయవాల ఎదుగుదల చూసే టిఫా స్కాన్ ఉంటాయి. ఆడా మగా అని మాత్రం అడగకూడదు, చెప్పకూడదు. 1994 చట్టం ప్రకారం అది నేరం. డబ్బు లేదని ఆగనక్కర్లేదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూసే కార్యక్రమం 2016 నుంచి ఉంది.

ఇక అసలు సంగతికి వద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, సర్కారు ఆసుపత్రుల్లో 44.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5. ఒక జనాభాలో ఈ రేటు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మాయ అడ్డంగా ఉన్నా, బిడ్డ గుండె చప్పుడు తగ్గినా ఆపరేషనే ప్రాణం నిలబెడుతుంది, దానికి చేతులెత్తి మొక్కాలి. నొప్పుల భయంతోనో, ముహూర్తం కుదిరిందనో కడుపు కోయించుకోవడం వేరు. కారణం లేకుండా 39 వారాలకు ముందే తీసిన బిడ్డకు ఊపిరి తీసుకోవడంలో ఇబ్బంది రావచ్చు.

దారి కూడా ఈ ఊళ్లోనే ఉంది. 1948లో హైదరాబాద్ బొగ్గులకుంటలో మొదలైన ఫెర్నాండెజ్ ఆసుపత్రి నర్సులను మిడ్‌వైఫ్‌లుగా తీర్చిదిద్దుతోంది. 2017లో ఆ సంస్థ, యునిసెఫ్‌ల తోడ్పాటుతో తెలంగాణ ప్రభుత్వం కరీంనగర్‌లో అలాంటి శిక్షణనే మొదలుపెట్టింది. మన మంత్రసాని ఓపికకు వైద్యశాస్త్రం తోడైతే ఎలా ఉంటుందో అదీ మిడ్‌వైఫ్ పని. ఆమె నొప్పులు పడే మనిషి చేయి వదలదు, నడిపిస్తుంది, ధైర్యం చెబుతుంది, తేడా కనిపిస్తే వెంటనే డాక్టరును పిలుస్తుంది.

అందుకే ఆసుపత్రిలో పేరు రాయించుకునే రోజే అడగాలి. తొలి కాన్పుల్లో మీ దగ్గర ఎన్ని ఆపరేషన్లవుతున్నాయి? నొప్పులు వాటంతటవే వచ్చేదాకా ఆగుతారా? నొప్పుల్లో నడవనిస్తారా? పక్కన మావాళ్లను ఉండనిస్తారా? మొదటిది ఆపరేషనైతే రెండోది నార్మల్‌కు ప్రయత్నిస్తారా? తొమ్మిదో నెలలో ఇవి అడిగితే జవాబు నచ్చకపోయినా ఆసుపత్రి మార్చే వ్యవధి ఉండదు.

అమెరికాలోనూ దాదాపు మూడింట ఒక కాన్పు ఆపరేషనే, కాబట్టి ఈ ప్రశ్నలు అక్కడి మన పిల్లలకూ కావాలి. పురుడు పోయడానికి అమ్మ విమానమెక్కి వచ్చేలోపే ఇవి అడిగి ఉండాలి. రేపు కృష్ణానగర్ నుంచి చెల్లెలు ఫోన్ చేసి "అన్నా, నెల తప్పింది" అంటే సంతోషపడదాం. ఆ వెంటనే "పేరెక్కడ రాయించావమ్మా? ఏమేం అడిగావు? బావ వెంట వచ్చాడా?" అని అడుగుదాం. వరండాలో పచార్లు చేసే ఆ భర్తను మొదటి పరీక్ష రోజే ఆమె పక్క కుర్చీలో కూర్చోబెడదాం.