నిమ్మకాయలో కరెంటు ఉందా?

ఎనిమిదో తరగతిలో నాలుగు నిమ్మకాయలు తెచ్చాం. ఒక్కోదానికి ఒక జీఐ మేకు, ఒక రాగి తీగ ముక్క గుచ్చి, ఒకదాని రాగిని పక్కదాని మేకుకు కలిపాం. చివర్లకు చిన్న ఎర్ర ఎల్‌ఈడీ తగిలిస్తే మిణుకుమంది. కిటికీలు మూస్తేగానీ కనబడలేదనుకోండి!

"నిమ్మకాయలో కరెంటు ఉంది సార్!" అన్నారందరూ. అసలు సంగతి మేకులో ఉంది. జీఐ మేకు మీది పూత జింక్. తమిళంలో తుత్తనాగం అంటే మా హోసూరు పిల్లలకు వెంటనే తెలిసింది. తెలుగులో తుత్తునాగమూ అదే. ఎలక్ట్రాన్లను వదులుకునే గుణం రాగికంటే జింక్‌కు ఎక్కువ. పులుపులో అది కరుగుతూ ఎలక్ట్రాన్లను మేకులోనే వదిలేస్తుంది. అవి తీగ వెంట రాగి వైపు నడుస్తాయి. అక్కడ రసంలోని హైడ్రోజన్ అయాన్లు వాటిని అందుకుంటాయి. తీగలోని ఆ నడకే కరెంటు. ఒక్కో కాయ ఇచ్చేది సుమారు 0.9 వోల్టులు. ఎర్ర ఎల్‌ఈడీకి దాదాపు 1.8 కావాలి. టార్చి బల్బుకు ఈ కొద్దిపాటి కరెంటు చాలదు.

ఆ వారమే ఒక తండ్రి టీసీ గురించి అడగడానికి వచ్చారు. "తెలుగులో సైన్సు ఏం వస్తుంది సార్, ఇంగ్లీషు మీడియంలో వేస్తాను" అన్నారు. నేనేమీ వాదించలేదు. కూతురిని పిలిచి, చెమ్మ కారిన పాత టార్చి సెల్ ఒకటి ముందుంచాను. మామూలు రకం సెల్‌కు జింక్ డబ్బానే రుణధ్రువం. "కరెంటు ఇస్తూ ఇస్తూ డబ్బానే అరిగిపోయింది నాన్నా, చిల్లు పడి లోపలి మందు కారింది" అందా పిల్ల. ఆయన సెల్‌ను తిప్పి తిప్పి చూశారు. టీసీ మాట ఆ రోజు ఎత్తలేదు. రేపు ఎత్తుతారేమో, చెప్పలేను.

ఆ పిల్లే మళ్లీ అడిగింది: "మేకు అరిగినప్పుడల్లా కొత్తది గుచ్చుతూ పోతే?" పాఠంలో లేని ఆ ప్రశ్నకు జవాబు ఫ్యూయల్ సెల్. అరిగే లోహం బదులు బయటినుంచి హైడ్రోజన్, ఆక్సిజన్ అందిస్తూనే ఉంటారు. అందించినంతసేపూ కరెంటు వస్తుంది, మిగిలేది నీరు. విలియం గ్రోవ్ 1839లో చూపించిన ఈ పద్ధతినే అపోలో నౌకల్లో వాడారు. వ్యోమగాములు ఆ నీళ్లే తాగారు.

ఇంట్లో చేయించే తల్లిదండ్రులకు ఒక మాట. అయిపోయాక ఆ కాయలను చిత్రాన్నంలోకి పిండకండి. రసంలోకి జింక్ దిగి ఉంటుంది. టార్చి సెల్‌ను మాత్రం పిల్లల చేత పగలగొట్టించవద్దు.