పలుకని మీట

కొన్ని కంప్యూటరు కీబోర్డులపై అక్షరములు, అంకెలు గాక అదనపు మీటలు కొన్ని ఉండును. శబ్దము పెంచుట కొకటి, మైకు నాపుట కొకటి, మనకు నచ్చిన పని నప్పగించుటకు మరికొన్ని. లినక్సు వ్యవస్థను వాడువారికి ఒక్కొక్కప్పుడు ఇవి ఎంత నొక్కినను పలుకవు. మీట చెడినదని వారు తలంతురు. కాని తరచు మీట బాగుగనే యుండును. అది పంపిన సంఖ్య దారిలో నిలిచిపోవును. ఆ దారి ఎట్టిదో చూతము.

మీట నొక్కినపుడు కంప్యూటరుకు చేరునది అక్షరము కాదు, సంఖ్య. యు.ఎస్.బి. కీబోర్డులో ఆంగ్లమున మొదటి అక్షరపు మీట సంఖ్య 4. లినక్సు కేంద్రభాగమగు కెర్నెల్ తన పట్టికను చూచి దానిని 30గా మార్చును. తెరపై కిటికీలను నడుపు ఎక్స్ వ్యవస్థ 8 కంటె తక్కువ సంఖ్యలను వాడదు. కనుక అచ్చట 8 కలిసి 38 అగును. 38 అనగా ఏ అక్షరమో తెలుపునది మరియొక పట్టిక. ఆ పట్టికను మార్చినచో అదే మీట తెలుగు అక్షరమును వ్రాయును.

చిక్కు ఇక్కడనే కలదు. ఎక్స్ పద్ధతిలో మీట సంఖ్యకు 8 బిట్ల చోటే యున్నది. అందు ఇమిడెడి పెద్ద సంఖ్య 255. మైకు నాపు మీటకు కెర్నెల్ ఇచ్చిన సంఖ్య 248. 8 కలుపగా 256! హాజరుపట్టీలో 255 గీతలే యున్నచో, 256వ విద్యార్థి తరగతిలో కూర్చుండియు హాజరు పడనట్లే.

దీనికి ఉపాయము సులభము. సాధారణ కీబోర్డులపై ఎఫ్12 తరువాతి మీటలు ఉండవు. వాని సంఖ్యలు మాత్రము ఖాళీగా నున్నవి. ఎఫ్20 సంఖ్య 190, ఎక్స్‌లో 198. మైకు మీటకు ఈ సంఖ్యనిచ్చినచో అది హద్దులోనికి వచ్చును. అనేక ల్యాప్‌టాపులకు ఈ ఏర్పాటు లినక్సు పట్టికలలో ముందే చేయబడియున్నది. తరువాత వచ్చిన వేలాండ్ పద్ధతిలో 255 అను హద్దు లేదు.

మీ మీట పలుకనిచో మొదట ఈవీటెస్ట్ అను సాధనముతో అది సంఖ్య పంపుచున్నదో లేదో చూడుడు. అదనపు మీటలు ఒక్కొక్కప్పుడు వేరొక పరికరముగా కనబడును. జాబితాలో దానిని కూడ పరీక్షింపుడు. సంఖ్య కనబడినచో, నిర్వాహకుని అధికారముతో హార్డ్‌వేరు పట్టికకు ఒక చిన్న ఫైలు చేర్చి, కీబోర్డు గుర్తును, మీట పంపు సంఖ్యను, దానికి ఇవ్వదలచిన పేరును వ్రాయుడు. పట్టికను తాజాపరచి కీబోర్డును తీసి మరల తగిలింపుడు. పిమ్మట అమరికలలో ఆ మీటకు కావలసిన పని నప్పగింపవచ్చును. ఏ పరికరము నుండియు సంఖ్య రాకున్న, ఆ మీట కీబోర్డు లోపలనే పనిచేయునదో, నిజముగా చెడినదో కావచ్చును.

ఈ పట్టికలు ఎవరైనను చదివి దిద్దుకొనదగినవి. కనుక పలుకని మీటను పారవేయుటకు ముందు, దాని సంఖ్య ఏ మెట్టున ఆగినదో విద్యార్థులచే వెదకింపుడు. మెట్టు తెలిసిన, మందు తెలిసినట్లే.