దేవుణ్ణి ఇంత చిన్నది అడగొచ్చా?

పుంగనూరు దగ్గర ఒక పల్లెలో గృహ ప్రార్థన. చీకటి పడ్డాక పది పన్నెండు కుటుంబాలు ఒక పెంకుటింట్లో చేరాయి. పాటలయ్యాయి, వాక్యం అయింది. ‘ప్రార్థన అక్కరలు ఏమైనా ఉంటే చెప్పండి’ అని అలవాటు ప్రకారం అడిగాం. ఒకాయన కొడుకు ఉద్యోగ పరీక్ష రాసి ఫలితం కోసం చూస్తున్నాడు. ఒక తల్లికి కిడ్నీలు దెబ్బతిని వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటోంది. ఒక ఇంట్లో ఆడపిల్లకు సంబంధాలు వచ్చినట్టే వచ్చి తప్పిపోతున్నాయి. ఒక్కొక్కటే పుస్తకంలో రాసుకుంటున్నాం. అంతలో వెనక గోడ దగ్గర కూర్చున్న ఏడెనిమిదేళ్ళ పాప చెయ్యెత్తింది.

‘మా ఆవు చేపడం లేదు. అది చేపాలని ప్రార్థన చెయ్యండి’ అంది.

ఇల్లంతా నవ్వింది. దాచడమెందుకు, మేమూ నవ్వాం. వాళ్ళమ్మ పాప చెయ్యి పట్టి కిందికి లాగి ‘గమ్మునుండు’ అని కసిరింది. పాప మా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. ఆవు సంగతి మేం పుస్తకంలో రాసుకోలేదు.

అంతా అయ్యాక మజ్జిగ గ్లాసు చేతికిస్తూ ఆ ఇంటి అవ్వ అసలు విషయం చెప్పింది. దూడ పుట్టిన పదో రోజునే చచ్చిపోయింది. దూడ మూతి పెడితే తప్ప ఆ ఆవు పాలు దించదు. పొదుగు నిండుగానే ఉంటుంది గానీ, ఎవరు చెంబు పట్టుకుని కూర్చున్నా కాలు విదిలిస్తుంది. పాప తండ్రి బెంగళూరులో తాపీ పని చేస్తూ నెలకోసారి వచ్చిపోతాడు. ఇక్కడ సంఘం కంతు కట్టాలన్నా, కొట్లో బాకీ తీర్చాలన్నా పాల డబ్బే ఆధారం. ‘నవ్వేదానికేముండాది నాయనా, వాళ్ళ పొయ్యి మండేది ఆ ఆవు మీదే గదా’ అంది అవ్వ.

పుంగనూరు అనగానే మూడడుగుల పొట్టి ఆవు అందరికీ గుర్తొస్తుంది. ఆ జాతి ఇప్పుడు పల్లెల్లో అరుదు. ఈ ఇంట్లో ఉన్నది మామూలు జెర్సీ సంకరం. ఊళ్ళో ఎవరూ చూడ్డానికి రాని ఆవు. కానీ ఆ పాప దృష్టిలో దేవుడికి చెప్పవలసినంత ముఖ్యమైన ఆవు.

ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు. మేమెందుకు నవ్వాం? కిడ్నీ జబ్బు విన్నప్పుడు నవ్వలేదు, పెళ్ళి మాట విన్నప్పుడూ నవ్వలేదు. ఆలోచిస్తే ఒకటే కారణం కనబడింది. మనం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి దేవుడి సన్నిధిని కూడా అలాగే ఊహించుకుంటున్నాం. పంచాయతీలో తేలే పని పంచాయతీలో, ఎమ్మార్వో దగ్గర తేలేది ఎమ్మార్వో దగ్గర. సోమవారం కలెక్టరుగారికి అర్జీ ఇవ్వాలంటే దానికి తగినంత పెద్ద కష్టం ఉండాలి. పలుపుతాడు తెగిందని అక్కడికి వెళ్తే బంట్రోతే వెనక్కి పంపేస్తాడు. ఆ సాయంత్రం దేవుడి గుమ్మం ముందు మేం బంట్రోతు పనే చేశాం. అర్జీ ఇవ్వడానికి వచ్చింది ఆయన సొంత బిడ్డ అన్నది మాకు తట్టలేదు.

రెండవ రాజుల గ్రంథం ఆరవ అధ్యాయంలో ఒక గొడ్డలి కథ ఉంది. మనం ఎక్కువగా ప్రసంగించని కథ. ప్రవక్తల శిష్యులు ఉంటున్న చోటు ఇరుకై, కొత్తది కట్టుకోవడానికి యొర్దాను ఒడ్డున మాన్లు నరుకుతున్నారు. ఒకడి గొడ్డలి ఊడి నీళ్ళలో పడింది. అతను ఎలీషా ముందు గోడుగోడుమన్నాడు. ఎందుకంటే ఆ గొడ్డలి తనది కాదు, ఎరవు తెచ్చుకున్నది. పల్లెల్లో బతికినవాళ్ళకు ఆ మాట బరువు చెప్పనక్కర్లేదు. ఎదురింటి పార తెచ్చి పోగొట్టుకున్న మనిషి వారం రోజులు ఆ వీధిలో తలెత్తుకు నడవలేడు. ఎలీషా అతణ్ణి అడిగింది ఒకటే: ఎక్కడ పడింది? తర్వాత ఇనుము తేలింది.

ఆ కథ ఎక్కడుందో చూడండి. ముందు అధ్యాయంలో సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు బాగవుతుంది. అది కూడా ఆ ఇంట్లో పనిచేసే ఒక చిన్నపిల్ల మాటతో మొదలైందే. గొడ్డలి కథ తర్వాత కొద్ది వచనాలకే సిరియా సైన్యం గుర్రాలతో, రథాలతో దోతానును చుట్టుముడుతుంది. ఒకవైపు సేనాధిపతి, ఇంకోవైపు సైన్యం, మధ్యలో ఒక ఎరవు గొడ్డలి! చరిత్ర రాసే పండితుడైతే దాన్ని కొట్టేసేవాడు. దేవుడి గ్రంథంలో అది ఉంది. ప్రభువు నేర్పిన ప్రార్థనలో కూడా దేవుని రాజ్యానికీ మన పాపక్షమాపణకూ మధ్యలో ఈ పూట తిండి మాట ఉంది. యాయీరు కూతుర్ని చావులోంచి లేపిన ప్రభువు, చుట్టూ ఉన్నవాళ్ళంతా నోరు తెరుచుకుని నిలబడి ఉంటే, పిల్లకు తినడానికేమైనా పెట్టమని గుర్తుచేశాడు (మార్కు 5:43). మరణాన్ని గెలిచిన నిమిషంలోనే పిల్ల ఆకలి ఆయనకు గుర్తుంది.

మర్నాడు మదనపల్లె వెళ్ళాం. ఈ ఊళ్ళో ఆర్కాటు మిషన్ తరఫున ఎన్నో ఏళ్ళు సేవ చేసి, 1908లో ఇక్కడే కన్నుమూసిన జాకబ్ చేంబర్లేన్ గురించి పాత విశ్వాసులకు తెలుసు. ఆయన వైద్యుడు, బోధకుడు, తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షుడిగా పనిచేసినవాడు. 1863లో నైజాం రాజ్యం మీదుగా గోదావరి దాటి, దాదాపు 1200 మైళ్ళ సువార్త ప్రయాణం చేశారు. ఆ అనుభవాన్ని తర్వాత ‘ఇన్ ద టైగర్ జంగిల్’ అనే పుస్తకంలో రాసుకున్నారు. అందులో ఒక సాయంత్రం సంగతి మాకు ఆ వేళ ఎంతో అవసరమైంది.

గోదావరిలో ఎక్కాల్సిన ప్రభుత్వ స్టీమరు చెడిపోయింది. అడవి దారిన నడవక తప్పలేదు. వర్షాకాలం, నది ఉప్పొంగి ఉంది. పులులు తిరిగే అడవి. మోతగాళ్ళు భయంతో పారిపోవాలని చూస్తున్నారు. ముందున్న ఏరు పొంగి దాటడానికి వీల్లేదని, ఎత్తయిన పొడి నేల దగ్గర్లో ఎక్కడా లేదని దారిలో కబురు తెలిసింది. చీకటి పడబోతోంది. చేంబర్లేన్ కొంచెం ఎడంగా వెళ్ళి దేవుడితో మాట్లాడారు. పెద్ద పెద్ద మాటలేమీ కాదు. నీ పని మీదే కదా వచ్చాం, దారి పొడవునా నీ పేరే కదా చెప్పాం, ఇప్పుడు నువ్వే చూడాలి అన్న ధోరణి. తండ్రి చొక్కా పట్టుకుని లాగే పిల్లవాడి ధోరణి. ఎడమకు తిరిగి నది వైపు వెళ్ళమని ఆయన మనసుకు స్పష్టంగా తోచింది. దారి చూపేవాళ్ళు వద్దన్నారు. అక్కడ ఊరు లేదు, గుట్ట లేదు, నీళ్ళు తప్ప ఏమీ లేవన్నారు. అయినా వెళ్ళారు. ఒడ్డున చెట్టుకు కట్టేసి ఒక పెద్ద బల్లకట్టు లాంటి పడవ ఉంది! పడవవాళ్ళు ఈయన్ని చూసి ఎవరో అధికారి అనుకుని హడలిపోయారు. ఎగువన రేవులో ఉండాల్సిన పడవ వరదకు తాళ్ళు తెంపుకుని వచ్చేసిందని, తప్పు తమది కాదని బతిమాలుకున్నారు. ఆ రాత్రి అందరూ పడవలోనే తలదాచుకున్నారు. ఒడ్డున పులుల అరుపులు వినబడుతూనే ఉన్నాయట.

ఆయన ఆ సాయంత్రం అడిగింది రాజ్యాలను కాదు. తడవని ఇంత చోటు, తెల్లవారేదాకా. అంతే.

అయితే ఈ కథ ఇక్కడే ఆపేస్తే మేం నిజం సగమే చెప్పినట్టు. ఆ ప్రయాణంలో పట్టిన అడవి జ్వరం ఆయన్ని తర్వాత కూడా పీడించింది. పడవ పంపిన దేవుణ్ణి జ్వరం గురించి ఆయన అడగకుండా ఉంటారా? మదనపల్లె పక్కనే ఉన్న ఆరోగ్యవరం శానిటోరియం 1915లో మొదలైంది. క్షయకు పనిచేసే మందు స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. మధ్యలో ఆ ఏళ్ళన్నీ రోగులకు విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండే వైద్యం. నెలల తరబడి మంచం మీద ఉన్న మనిషి ఏమడిగి ఉంటాడో మేం ఊహించుకోగలం. ఈ రాత్రి దగ్గు రాకుండా కునుకు పట్టాలి. రేపు జ్వరం ఒక్క గీత తగ్గాలి. అలా అడిగినవాళ్ళలో అందరూ ఇంటికి తిరిగి వెళ్ళలేదు. చిన్న ప్రార్థన సులువైనదని మేం చెప్పలేం. పెద్ద సంగతి అడిగి రాకపోతే ‘దేవుని చిత్తం’ అని సర్దుకుంటాం. చిన్నది అడిగి రాకపోతే పసిపిల్లల్లా చిన్నబుచ్చుకుంటాం. ఆ చిన్నబోవడానికి భయపడే చాలామంది పెద్దయ్యాక అడగడం మానేస్తారు. మేమూ కొన్నేళ్ళు మానేశాం.

మదనపల్లెలో మాకు తెలిసిన ఒక టమాటా రైతు సోదరుడున్నాడు. మండీకి సరుకు పంపే ప్రతి తెల్లవారుజామున ధర కోసం ప్రార్థిస్తాడు. 2023 జూలై చివర ఈ మార్కెట్లో మేలు రకం కిలో దాదాపు 200 రూపాయలు పలికింది. అలాంటి ధర తన జన్మలో చూడలేదన్నాడు. ఆ ఆదివారం గుడిలో కృతజ్ఞతార్పణ వేసి, సాక్ష్యం చెప్పి కూర్చున్నాడు. అదే వరసలో కూలి చేసుకునే ఒక చెల్లెమ్మ ఉంది. ‘నెల రోజులుగా మా ఇంట్లో చారులోకి టమాటా లేదన్నా, ధర దిగాలని నేను ప్రార్థన చేస్తా ఉండా’ అని గుడి బయట నవ్వుతూనే అంది. ఒకే గుడిలో, ఒకే దేవుడికి, ఒకే కాయ గురించి రెండు ప్రార్థనలు! దేవుడు ఎవరిది వినాలి? వేదాంతం చదివిన మాకు జవాబు తోచలేదు. ఆ సోదరుడు మాత్రం మరుసటి ఆదివారం ఒక క్రేటు టమాటాలు తెచ్చి గుడి వరండాలో పెట్టాడు. ఎవరి పేరూ చెప్పలేదు. ధర దిగిపోయిన నెలల్లో, కోత కూలి కూడా రాక తోటలోనే కాయ వదిలేసినప్పుడు, అతని కోసం ఆ చెల్లెమ్మ ప్రార్థించడం మేం విన్నాం. ఆమె చిన్న అక్కర అతని చెవిన పడకపోతే ఇదేదీ జరిగేది కాదు.

కుప్పం సంఘంలో ఒక తమ్ముడైతే రోజూ తెల్లారి బెంగళూరు రైల్లో సీటు కోసమే ప్రార్థిస్తానని చెప్పి మమ్మల్ని మళ్ళీ నవ్వించాడు. ఈసారి అతనూ మాతో కలిసి నవ్వాడు. ‘సీటు దొరికిందన్నా. కూర్చున్నానో లేదో చంటిబిడ్డను ఎత్తుకుని ఒకామె వచ్చి ఎదురుగా నిలబడింది. ఇట్లయితే ఎట్ల ప్రభువా అనుకుంటా లేచినా’ అన్నాడు. సీటు కోసం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడట.

రెండు నెలల తర్వాత మళ్ళీ పుంగనూరు వైపు వెళ్ళాం. నిజం చెప్పాలంటే ఆ పాప కోసమే వెళ్ళాం. ఆవు ఇంటి ముందు కట్టేసి ఉంది. ఆ ప్రార్థన మర్నాటి నుంచి రోజూ సాయంత్రం అవ్వ చెనక్కాయ చెక్క నానబెట్టి తెచ్చేదట. అది ఆవు ముందు పెట్టి, పొదుగు గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మెడ నిమురుతూ నిలబడేదట. పాప తల్లి పిండడానికి కూర్చునేదట. తొమ్మిదో రోజు చేపింది. మునుపటంత కాదు, పూటకు లీటరున్నర. ఆ ఈత పాలు తగ్గినట్టే. కంతు ఒకటి తప్పిపోయి, సంఘంలో మాట పడాల్సి వచ్చిందని తల్లి చెప్పింది.

పాప తలుపు చాటున నిలబడి ఉంది. మేం అరుగు మీద కూర్చుని దగ్గరకు పిలిచాం. ‘ఆ రోజు మేం నవ్వడం తప్పేనమ్మా’ అన్నాం. పెద్దవాళ్ళు ఆమెతో అలా మాట్లాడటం అలవాటు లేదేమో, వాళ్ళమ్మ వైపు చూసింది. తర్వాత మెల్లగా అంది: ‘నేను రోజూ అడిగినా. మీరు నవ్వినారని మాత్రం దేవుడికి చెప్పలేదు.’

కాసేపు మాకు మాట రాలేదు. పాపే మళ్ళీ అందుకుంది. ఇంకొకటి అడగాల్సి ఉందట, కానీ అందరి ముందు చెప్పదట. మేం సంచిలోంచి పుస్తకం తీసి, పెన్ను మూత తీసి, తల వంచి చెవి దగ్గర పెట్టాం.